సున్నపు కట్టుబడి చరిత్రము

సున్నమనగానే మనవారికి తాంబూలమో, సంక్రాంతినాటి వెల్లగోడయో తలపునకు వచ్చును. రాతిని రాతితో అతికి శతాబ్దములు నిలిపిన పదార్థమును అదియే యన్న సంగతి, 1824లో ఆంగ్లదేశమున జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు సిమెంటునకు హక్కుపత్రము పొందిన పిమ్మట, క్రమక్రమముగా మరుగున పడినది.

కట్టడము చిరకాలము నిలువవలెనన్న చింత మన పూర్వులకు క్రొత్త కాదు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమను అతుకుమందును వర్ణించెను. అది సున్నము కాదు గాని, దాని ఉద్దేశ మదియే. పచ్చి తుమికికాయలు, పచ్చి వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని ద్రోణము నీటిలో వేసి, ఎనిమిదవ వంతు మిగులువరకు కాచి, పిదప గుగ్గిలము మున్నగు బంకలు కలుపవలెనట. ప్రాసాదములకు, గోడలకు, నూతులకు దీనిని వేడిగా పూసినచో కోటి సంవత్సరములు నిలుచునని ఫలశ్రుతి. కోటి మాట యటుండనిండు. ఇంత నీరు, ఇంత కాపు అని కొలత నిర్ణయించుట గమనింపదగినది. 1947లో ఏర్పడిన భారత ప్రమాణముల సంస్థ కట్టడపు సున్నమునకు 712వ సంఖ్యగల ప్రమాణమును వెలువరించి, ఏ తరగతి సున్నము గోడకు, ఏది పూతకు తగునో తెలుపుటయు ఈ మార్గమే.

సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడిమికి కాలి బొగ్గుపులుసు వాయువును విడుచును. సిమెంటునకు 1450 డిగ్రీల వరకు వేడిమి కావలెను. ఆ మేరకు ఇంధనవ్యయమును హెచ్చు. కాలిన రాతిని నీట విరియించి, ఇసుక కలిపి, ఎద్దుల గానుగలో జిగురు వచ్చువరకు నూరి వాడుదురు. గోడలో చేరిన పిమ్మట ఆ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా గ్రహించి మరల రాయి యగును. ఇందుకు నెలలు, ఏండ్లు పట్టును. తొందర గలవారికి సున్నముతో పొత్తు కుదరదు. నీటి తావులందు గట్టిపడుటకై మెత్తగా దంచిన ఇటుకపొడి, అనగా సుర్కీ, కలుపుదురు.

సున్నపుబట్టీ చేసిన అపకారమును దాచుట చరిత్ర కాదు. అమరావతి స్తూపమునకు తాపిన శిల్పఫలకములు సున్నపురాతివే. 18వ శతాబ్ది చివర ఆ దిబ్బను త్రవ్వి ఇటుకలను, రాళ్లను కొనిపోవుచుండగా కాలిన్ మెకంజీ చూచెను. 1816లో ఆయన మరల వచ్చి చిత్రములు వ్రాయించునప్పటికి చాల భాగము నశించెను. బుద్ధుని గాథలు చెక్కిన పలకలు కొన్ని బట్టీలలో పడి సున్నమైనవి.

ఆ సున్నమే గోదావరి సీమకు అన్నము పెట్టెను. కరవులతో, తుపానులతో జిల్లా పాడుపడి యుండగా ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము ఆనకట్టను ఆరంభించి 1852 నాటికి ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొని అది సాగెను. క్రింద గట్టినేల లేదు, లోతెరుగని ఇసుక. ఇసుకపై కట్టుబడి నిలుపు ఉపాయమును కాటన్ కావేరిపై నున్న ప్రాచీనమైన కల్లణను చూచి నేర్చెను. ఆ ఋణమును ఆయన దాచుకొనలేదు. నదీగర్భమున నూతులు దింపి, వానిపై సున్నముతో రాతిగోడలు లేపి, ధవళేశ్వరపు కొండరాళ్లను నింపిరి. కాటన్ విగ్రహములు ఊరూర వెలసినవి. గానుగ త్రిప్పినవారి పేర్లు చెప్పువారు లేరు. మరమ్మతులు, ఎత్తు పెంచుటలు పెక్కు జరిగినను, 1982లో క్రొత్త బరాజు పూర్తియగువరకు ఆ ఆనకట్ట సుమారు 130 ఏండ్లు డెల్టా పొలములకు నీరందించెను.

క్రొత్త బరాజు సిమెంటు కాంక్రీటుది. అంతటి వరదను త్రోసిపుచ్చు తలుపులకు, స్తంభములకు అదియే తగును. కాని పాత గోడలపై సిమెంటు పూసినచోట లోపలి చెమ్మ బయటికి పోజాలక, ఉప్పు పొంగి రాయియే పెచ్చులూడుచున్నది. అందుచేత పురావస్తుశాఖవారు ప్రాచీన కట్టడముల మరమ్మతులకు తిరిగి సున్నమునే వాడుచున్నారు. 1591లో వెలసిన చార్మినారు మినారొకదాని పూత 2019 మే నెలలో పెచ్చుగా ఊడిపడినప్పుడును అచ్చటికి సున్నపు గచ్చునే తెచ్చిరి.