సీసాలో నీడ

వేలెడంత కూడా ఉండడు ఆ సైనికుడు. 28 మిల్లీమీటర్లు. వార్‌గేమ్ ఆడేవాళ్ల బల్ల మీద ఇలాంటివాళ్లు వందమంది ఉంటారు. కోటుకి ఎరుపు, బూట్లకి నలుపు, గీత దాటకుండా వేశారనుకోండి. అయినా రంగేసిన ప్లాస్టిక్ ముక్కలాగే కనిపిస్తాడు. తప్పు మీ చేతిది కాదు. అర మీటరు దూరంలో ఉన్న ఆ బొమ్మని చూడటమంటే, నిజం మనిషిని 30 మీటర్ల అవతల నుంచి చూడటమే. అంత దూరంలో కోటు మడతల్లో నీడ కంటికి ఆనదు. కాబట్టి నీడని కూడా రంగుతోనే వెయ్యాలి.

మొదట్లో ఎవరూ వెయ్యలేదు. 1893లో లండన్‌లో బ్రిటన్స్ కంపెనీ లోపల బోలుగా ఉండే సీసపు సైనికుల్ని పోతపోయడం మొదలుపెట్టింది. హెచ్.జి.వెల్స్ 1913లో 'లిటిల్ వార్స్' రాసినప్పుడు స్ప్రింగ్ ఫిరంగితో కొట్టి పడగొట్టింది ఇలాంటి బొమ్మల్నే. వాటికి రంగులు వేసింది ఎక్కువగా ఆడవాళ్లు, చాలామంది ఇళ్ల దగ్గర కూర్చునే. మెరిసే ఎనామెల్, ఒక్కో భాగానికి ఒక్కో రంగు, అంతే. పెట్టె మీద కంపెనీ పేరుంది, రెజిమెంటు పేరుంది. వాళ్ల పేర్లు లేవు.

తర్వాత పని చేతులు మారింది. వార్‌గేమ్ బొమ్మలు రంగుల్లేకుండానే అమ్మకానికి వచ్చాయి, కొన్నవాడే చిత్రకారుడయ్యాడు. 1983లో వార్‌హామర్ వచ్చాక ఇంగ్లండ్‌లో ఈ పిచ్చి బాగా ముదిరింది. పెయింటర్ కాని కుర్రాడు వందమందికి నీడలు వెయ్యాలంటే ఎలా? జవాబు వాష్. రంగుని బాగా పలచన చేసి బొమ్మంతా పూస్తే, అది ఎత్తుల మీంచి జారి పల్లాల్లో చేరుతుంది. ఎక్కడ నీడ ఉండాలో బొమ్మ ఆకారమే చెప్తుంది. నీటికున్న తలతన్యత అడ్డొస్తుంది కాబట్టి కొందరు సబ్బు చుక్క కలిపారు, కొందరు నేల పాలిష్ కలిపారు, ఇంకొందరు ఏకంగా చెక్క వార్నిష్‌లో ముంచి విదిలించారు. చదునైన చోట ఎక్కువైతే మాత్రం ఎండాక టీ కప్పు మరకలా అంచు కడుతుంది.

కంపెనీలు దీన్నే సీసాల్లో పోసి అమ్మాయి. సిటడెల్ వాళ్ల గోధుమరంగు 'డెవ్లన్ మడ్' మీద జనానికి ఎంత మమకారమంటే, 2012లో దాన్ని ఆపేసి 'అగ్రాక్స్ ఎర్త్‌షేడ్' తెచ్చినప్పుడు పాత సీసాలు దాచుకున్నారు. ఇలాంటి వాష్‌లకి 'ద్రవరూపంలో ప్రతిభ' అని ముద్దుపేరు. అందులో మెచ్చుకోలు సగం, వెక్కిరింత సగం.

వెక్కిరించేవాళ్లు గ్లేజ్ పక్షం. అదీ పలచని రంగే, కానీ పల్లంలోకి పారనివ్వరు. కుంచెని గుడ్డకో కాగితానికో అద్ది, తడి తీసేసి, పొర మీద పొర. ఒకటి పూర్తిగా ఆరాకే ఇంకోటి, లేదంటే కింది పొర చిరుగుతుంది. కుంచె ఎటు లాగి ఎత్తితే రంగు అక్కడ చిక్కబడుతుంది కాబట్టి నీడ వైపే లాగాలి. వెలుగు ఆ పొరల్లోంచి దూరి, కింది లేత రంగుకి తగిలి, మళ్లీ అదే దారిలో కంటికి చేరుతుంది. 15వ శతాబ్దంలో యాన్ వాన్ ఐక్ నూనె రంగులతో చేసింది ఇదే. ఒక్క ఎర్ర అంగీకి ఒక సాయంత్రం పోతుంది. పోయినా పోనీ, ఆ ఎరుపు వాష్‌తో రాదు.

అయినా వాష్‌ని మోసం అనడం నాకు నచ్చదు. బ్రిటన్స్‌కి పనిచేసిన ఆడవాళ్లని అడిగితే త్వరగా అవ్వడం తప్పని ఒక్కరూ అనేవాళ్లు కాదు. 2019లో సిటడెల్ 'కాంట్రాస్ట్' అని తెచ్చింది. లేత ప్రైమర్ మీద ఒక్క పూత వేస్తే రంగూ నీడా కలిసే వస్తాయి. పాత గొడవ మళ్లీ మొదలైంది. ఈసారి వాష్ వాడేవాళ్లు కూడా ఇది మరీ సులువని సణిగారు.