గోదావరి ఒడ్డున ఒక రోజు: జగిత్యాల జిల్లాలో క్షేత్ర పర్యటన

తీర పర్యటన అనగానే చాలామందికి సముద్రమే గుర్తుకు వస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో చదువుకుంటున్న మీకు సముద్రం దగ్గరలో లేదు. మన ఇళ్లలో ఎందరో మొదటిసారి సముద్రాన్ని చూసింది బొంబాయిలో, గల్ఫ్ విమానం ఎక్కబోయే ముందు. అయితే తీరం అనే మాట నదికీ చెల్లుతుంది. ఇబ్రహీంపట్నం, మల్లాపూర్, రాయికల్, బీర్‌పూర్, ధర్మపురి, వెల్గటూర్ మండలాల ఉత్తరపు అంచున గోదావరి పారుతుంది. ఆ ఒడ్డున ఒక్క రోజు తిరిగితే ఎంత చరిత్ర కనిపిస్తుందో ఈ పాఠంలో చూద్దాం. పదిమంది కలిసి ఒక తుఫాన్ బండి కిరాయికి మాట్లాడుకుంటే చాలు. సిరిసిల్ల వాళ్లు వేములవాడ మీదుగా రావాలి కాబట్టి తెల్లవారకముందే బయలుదేరాలి. కోరుట్ల వాళ్లకు జగిత్యాల దగ్గరే.

బండి మాట్లాడుకునే ముందు ఏ నెలలో వెళ్లాలో నిర్ణయించుకోండి. గుడి చూడటానికి ఏ నెలైనా ఒకటే. ఒడ్డు సంగతి అలా కాదు. దిగువన రామగుండం దగ్గర శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. దాని నిల్వ సామర్థ్యం 20.175 టీఎంసీలు, పూర్తి నీటి మట్టం 148 మీటర్లు. ఆ వెనుక జలాలు వెల్గటూర్ మండలం మీదుగా పైకి విస్తరిస్తాయి. వానకాలం చివర జలాశయం నిండుగా ఉన్నప్పుడు వెళ్తే మీకు కనిపించేది సముద్రం లాంటి నీళ్లే. ఎండాకాలంలో వెళ్తే ఒడ్డు బయటపడుతుంది. పురాతన కట్టడాలు, పక్షులు, మనుషుల బతుకుదెరువు అని మనం మూడు శీర్షికలుగా రాసుకునేవన్నీ ఇక్కడ ఆ నీటి మట్టం మీదే ఆధారపడి ఉన్నాయి. ఈ పర్యటనలో మీరు ముఖ్యంగా గమనించవలసింది ఇదే.

కోటిలింగాల దిబ్బ

ముందుగా కోటిలింగాలకు వెళ్లండి. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట, నదికి దక్షిణపు ఒడ్డున ఈ ఊరు ఉంది. కోటేశ్వరస్వామి గుడికి వచ్చే భక్తులలో చాలామంది దర్శనం చేసుకుని వెనుదిరుగుతారు. మనం చూడవలసింది గుడి చుట్టుపక్కల ఉన్న ఎత్తైన మట్టి దిబ్బ. పైకి చూస్తే మామూలు చెలకలాగే ఉంటుంది. దాని కింద రెండు వేల సంవత్సరాలకు పైబడిన ఒక పట్టణం ఉంది.

ఈ పట్టణం సంగతి మొదట బయటపెట్టింది ప్రభుత్వ శాఖ కాదు. దిబ్బ మీద దొరికే నాణేలను స్థానిక పరిశోధకులు ఏళ్ల తరబడి ఓపికగా సేకరించారు. వారిలో ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ, ఠాకూర్ రాజారాం సింగ్ ముఖ్యులు. ఆ నాణేలపై ఉన్న బ్రాహ్మీ అక్షరాలను శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి ప్రకటించారు. 1970ల చివర, 1980ల మొదట్లో రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో ఇక్కడ తవ్వకాలు జరిపింది. ఇటుక కట్టడాలు, మట్టి వరల బావులు, కుండ పెంకులు, విద్ధాంక నాణేలు బయటపడ్డాయి.

నాణేల మీద కనిపించిన పేర్లు అప్పటివరకు ఏ పుస్తకంలోనూ లేనివి: గోబద, నారణ, కంవాయసిరి, సమగోప. వీరు శాతవాహనులకు ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన స్థానిక పాలకులని పరిశోధకులు భావించారు. వాటితో పాటు శాతవాహన వంశ స్థాపకుడైన సిముకుడి నాణేలు కూడా ఇక్కడే దొరికాయి. వాటి మీద పేరు ఛిముక అని ఉంది. దీంతో ఒక పాత చర్చ మళ్లీ మొదలైంది. నానాఘాట్ శాసనాల వల్ల, పైఠాన్ రాజధాని కావడం వల్ల శాతవాహనులు మహారాష్ట్రలో మొదలయ్యారని చాలామంది రాసేవారు. కోటిలింగాల నాణేల తర్వాత వారి తొలి స్థావరం తెలంగాణలోనేనన్న వాదం బలపడింది.

ఇక్కడ మీరు చరిత్ర విద్యార్థిగా ఒక ప్రశ్న వేసుకోవాలి. నాణేలు చేతులు మారుతూ పోతాయి కదా, ఒక చోట దొరికినంత మాత్రాన ఆ రాజు అక్కడివాడే అవుతాడా? బంగారు నాణెమైతే ఈ అనుమానం సబబే. రోమన్ బంగారు నాణేలు ఆంధ్ర తీరంలో దొరికాయి, రోమన్ చక్రవర్తులెవరూ ఇక్కడ పాలించలేదు. చిన్న విలువ గల నాణెం సంగతి వేరు. అంగట్లో ఉప్పుకో, పప్పుకో ఇచ్చే చిల్లర ఎక్కువ దూరం పోదు. ఒకే వరుసలోని స్థానిక పాలకుల చిల్లర నాణేలు ఒకే చోట గుట్టగా దొరకడం బలమైన ఆధారం. దీనికి ఒక పరిమితి ఉంది. దిబ్బ పైన ఏరిన నాణెం ఏ పొరలోదో చెప్పలేం. పొర తెలియకపోతే ఏది ముందు, ఏది వెనుక అన్నది పేర్ల ఆకృతిని బట్టి, లిపిని బట్టి ఊహించవలసిందే. అందుకే పద్ధతిగా జరిగే తవ్వకానికి అంత విలువ.

ఆ తవ్వకం ఇప్పుడు అనుకున్నంత సులువు కాదు. ఎల్లంపల్లి వెనుక జలాలు నిండితే కోటిలింగాలలో పురావస్తు ప్రాధాన్యం ఉన్న నేలలో కొంత భాగం నీటిలోకి పోతుంది. నీళ్లు పెరిగి తగ్గిన ప్రతిసారీ ఒడ్డు కోసుకుపోతుంది, పొరలు కలిసిపోతాయి. అట్లని ప్రాజెక్టు అనవసరమని తేల్చేయడం న్యాయం కాదు. ఈ నీళ్లు రామగుండం విద్యుత్ కేంద్రానికి, హైదరాబాద్ ఇళ్ల కుళాయిలకు పోతున్నాయి. ఎత్తిపోతల ద్వారా వరద కాలువ మీదుగా సిరిసిల్ల పక్కనున్న మధ్య మానేరుకు చేరుతున్నాయి. అంటే కోటిలింగాల దిబ్బను తాకిన నీరే సిరిసిల్ల విద్యార్థి ఇంటి దగ్గరి జలాశయంలో ఉంటుంది. వెల్గటూర్ మండలంలో కొన్ని ఊళ్లు ఎల్లంపల్లి కింద మునిగాయి, వేములవాడ దగ్గర కొన్ని ఊళ్లు మధ్య మానేరు కింద మునిగాయి. సిరిసిల్ల వాళ్లకు ముంపు అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. నా అభిప్రాయంలో తప్పు జరిగింది నీళ్లు నిలపడంలో కాదు, నిలపడానికి ముందు ఇక్కడ విస్తారంగా తవ్వి నమోదు చేయకపోవడంలో. నాగార్జునసాగర్ కట్టినప్పుడు నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు పెద్ద ఎత్తున తవ్వకాలు జరిపి, కట్టడాలను కొండ మీదికి తరలించారు. అటువంటి శ్రద్ధ కోటిలింగాలకు దక్కలేదు.

దిబ్బ మీద నడిచేటప్పుడు కాలికి పెంకు ముక్క తగలవచ్చు. ఫొటో తీసుకోండి, పక్కన పెన్ను పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. ముక్కను మాత్రం ఉన్నచోటే వదిలేయండి. నాణెం దొరికితే జేబులో వేసుకోవడం నేరం. భూమిలో దాగి ఉండి దొరికిన పది రూపాయలకు మించిన విలువైన వస్తువు గురించి కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది.

నీళ్ల మీద బతుకు

పొద్దున్నే వెళ్లమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. బెస్తలు తెల్లవారుజామున వలలు తీస్తారు. ఎండెక్కే వేళకు చేపలు అమ్ముడుపోతాయి, మాట్లాడటానికి ఒడ్డున మనుషులుండరు. తెప్ప మీద కూర్చున్న పెద్దమనిషిని పలకరించండి. ప్రాజెక్టు రాకముందు ఏ చేపలు పడేవి, ఇప్పుడు ఏవి పడుతున్నాయి అని అడగండి. పారే నదిలో దొరికే జాతులు వేరు, నిలిచిన నీటిలో పెరిగేవి వేరు. ఇప్పుడు ప్రభుత్వం జలాశయాల్లో చేప పిల్లలను వదులుతోంది. రవ్వులు, బొచ్చెలు ఎక్కువగా పడుతుంటాయి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమట్టకు అంగట్లో ధర ఎక్కువ. పట్టే హక్కు మత్స్య సహకార సంఘాలలో సభ్యత్వం ఉన్నవారిది. సభ్యత్వం ఎవరికి ఉండాలి అన్నదాని మీద గంగపుత్రులకు, ముదిరాజులకు మధ్య తగాదా చాలాచోట్ల ఉంది. ఈ ప్రశ్న అడిగేటప్పుడు జాగ్రత్తగా అడగండి.

మునిగిన ఊరి రైతుకు భూమి పోయింది, అదే నీళ్లలో బెస్తవారికి చేపల రాబడి వచ్చింది. ఒక్కోసారి ఆ రైతు, ఆ జాలరి ఒకే వీధివాళ్లు. పర్యటన నివేదికలో ‘స్థానికులు’ అని ఒక్క మాటలో రాసేస్తే ఈ తేడా పోతుంది.

పక్షుల కోసం ప్రత్యేకంగా ఎక్కడికీ పోనక్కరలేదు. వల తీసే చోటే నీటికాకులు, కొంగలు, లకుముకి పిట్టలు ఉంటాయి. కరెంటు తీగ మీద మన రాష్ట్ర పక్షి పాలపిట్ట కనిపించవచ్చు. రివర్ టెర్న్ అనే తెల్లని పక్షి నది మధ్య ఇసుక తిన్నెల మీద, ఏ గూడూ లేకుండా, ఉత్త ఇసుకలో గుడ్లు పెడుతుంది. అది ఎండాకాలపు పని. తిన్నె మునిగితే ఆ ఏటికి పిల్లలుండవు, ఇసుక లారీ వచ్చినా అంతే. గోదావరిలో నీటికుక్కలు కూడా ఉన్నాయి. వలలో పడ్డ చేపను కొరికి పోతాయి కాబట్టి జాలర్లకు వాటి మీద కోపం. మొసళ్లను చూడాలనుకుంటే ఎల్లంపల్లికి దిగువన, పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాల మధ్య శివ్వారం అభయారణ్యం ఉంది. ఒక్క రోజులో అది కుదరదు. రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట మీదుగా జన్నారం వైపు పోతే 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం వస్తుంది. అదీ మరో రోజుకే.

ధర్మపురి

మధ్యాహ్నానికి ధర్మపురి చేరుకోండి. లక్ష్మీనరసింహస్వామి ఆలయం గురించి మీకు తెలుసు. నరసింహ శతకం రాసిన శేషప్ప ఈ ఊరివాడే. చరిత్ర విద్యార్థి మాత్రం ఘాట్ మెట్ల మీద ఒక గంట కూర్చోవాలి. 2015 జూలైలో వచ్చిన గోదావరి పుష్కరాలు తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక మొదటివి. ధర్మపురికి అప్పుడు లక్షల మంది వచ్చారు. పుష్కరం పన్నెండేళ్లకు ఒకసారి. పడవ నడిపేవారు, పూలు అమ్మేవారు, క్షవరం చేసేవారు, పిండప్రదానం చేయించే పురోహితులు మిగిలిన పదకొండేళ్లు ఎలా గడుపుతారో అడిగితే ఒక తీర్థం ఆర్థిక చరిత్ర మీకు దొరుకుతుంది.

ఇక్కడే ఒక పాత గ్రంథం ముచ్చట. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే తపస్వి కథ ఉంది. ఆయన అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉంటూ పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరకు పంపాడు. ఆ చోటు ఖానాపూర్ దగ్గరి బాదనకుర్తి దీవి అని కొందరు అంటారు. గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. గ్రంథం ‘ఒడ్డున’ అని మాత్రమే చెప్పింది. ఊరి గౌరవం కోసం ఆధారాన్ని సాగదీయకుండా ఉండటం ఎంత కష్టమో ఈ ఉదాహరణ చూపుతుంది.

తిరుగు ప్రయాణం

తిరిగి వచ్చేటప్పుడు జగిత్యాల దగ్గర పొలాస తగులుతుంది. వ్యవసాయ పరిశోధన స్థానం వల్ల ఈ పేరు ఇప్పుడు రైతులందరికీ తెలుసు. కాకతీయుల తొలి రోజుల్లో వారికి ఎదురు నిలిచిన పొలవాస పాలకుల స్థావరం ఇదే. జగిత్యాలలో 18వ శతాబ్దపు కోట నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో ఉంటుంది. ఐరోపా పద్ధతిలో కట్టిన కోట ఇది. కట్టిన ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు జాక్, తాల్ పేర్ల మీదనే జగిత్యాల అయిందని ఊళ్లో చెబుతారు. పొలవాస పాలకుడు జగ్గదేవుడి పేరు అంతకు ఆరు వందల ఏళ్ల ముందే ఉందని గుర్తు పెట్టుకుని ఆ కథ వినండి.

ఇదే పట్టణంలో 1978 సెప్టెంబరు 7న రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి, పాలేర్ల జీతాలు, తునికాకు కూలి వారి ముందున్న సమస్యలు. మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తునికాకు అడవిలో ఏరితే కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో బీడీ అవుతుంది. ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో, సిరిసిల్ల వాళ్లయితే ఒకప్పుడు భివండి, సోలాపూర్ మగ్గాల మీద. కోరుట్ల వాళ్లకు ఇంకో మాట. మీకు దగ్గరలోనే నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం ఉంది. అక్కడ కొలిమిలో చేసిన ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు వచ్చేవారని హెచ్.డబ్ల్యు. వాయ్సీ రాశాడు. ఆయన వ్యాసం 1832లో అచ్చయింది. గల్ఫ్ దారి మన ప్రాంతానికి 1970ల నుంచే తెలుసనుకునేవారు ఆ వ్యాసం సంగతి తెలుసుకోవాలి.

ఇంటికి చేరాక అదే రాత్రి నాలుగు పేజీల నివేదిక రాయండి, మరునాటికి వాయిదా వేయకండి. మొదటి పేజీ పైన తేదీ, దాని కింద ఆ రోజు ఎల్లంపల్లిలో నీటి మట్టం ఎన్ని మీటర్లు ఉందో రాయండి. దినపత్రిక జిల్లా పేజీలో జలాశయాల పట్టిక ఉంటుంది. వీలైతే ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి, అదే చోట నిలబడి, అదే ఫొటో తీసి రెండో నివేదిక రాయండి.