సోమశిల నీళ్ల కింది పటం

మైలుకు అంగుళం చొప్పున గీసిన పాత సర్వే ఆఫ్ ఇండియా పటాల్లో ఉదయగిరి, ఆత్మకూరు రెండూ 57 ఎన్ షీటు కిందికే వస్తాయి. ఉదయగిరి కోట ఉన్న దుర్గం కొండ దగ్గర ఎత్తుగీతలు ఒకదానిమీదొకటి పడిపోతాయి. పెన్న నది కొండలు దాటి మైదానానికి రాగానే అవి పలచబడతాయి. 1514లో ఆ కోటను లొంగదీయడానికి కృష్ణదేవరాయలు నెలల తరబడి ఎందుకు ముట్టడించాల్సి వచ్చిందో ఆ గీతలే చెబుతాయి.

దొరలు తమ పటాలాల కోసం గీయించినవి, మన ఊళ్ల పేర్లను ఖూనీ చేసినవి, వీటిని నమ్మడమేమిటని అడగొచ్చు. పేర్ల సంగతి నిజమే. చెరువు నీళ్లు ఎవరి మడికి అందేవో, ఎవరికి అందేవి కావో కూడా ఏ పటమూ చెప్పదు. కానీ సైన్యాన్ని నడిపేవాడు వాగును తప్పుగా గీసుకుంటే దిగబడేది అతని బండ్లే. కాబట్టి నేల విషయంలో అతని కొలతను నమ్మొచ్చు. ఆ కొలత ఇప్పుడెందుకంటే, 1975లో మొదలై 1989 నాటికి పూర్తయిన సోమశిల ఆనకట్ట వెనక పెన్న లోయలోని పల్లెలు మునిగాయి. కొత్త పటంలో అక్కడున్నది నీలం రంగు. రెవెన్యూ రికార్డులున్నాయిగా అంటే, అవి సర్వే నంబర్లు చెబుతాయి, ఎత్తుపల్లాలు కాదు. ఏ బాట ఏ రేవుకు దిగేదో చూపేది పాత షీటే. దాని నకలు ఒకటి ఆత్మకూరు గ్రంథాలయంలో గోడకు తగిలించాలి.