నీరులేని ద్రవస్ఫటికాలలో ప్రోటాన్ వాహకత్వం

నీటి తోడ్పాటు లేకుండా ఒక పదార్థం గుండా ప్రోటాన్లు ప్రసరించడాన్ని నిర్జల ప్రోటాన్ వాహకత్వం అంటారు. ద్రవస్ఫటికాలలో ఈ గుణాన్ని అన్వేషించడానికి ప్రధాన కారణం ఇంధన ఘటాలు.

నీటితో చిక్కు

హైడ్రోజన్ ఇంధన ఘటంలో ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా, ప్రోటాన్లు మధ్యనున్న పొర గుండా ప్రయాణించి, అవతలి వైపున ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారతాయి. విరివిగా వాడే నఫియాన్ పొర తడిగా ఉన్నప్పుడే ప్రోటాన్లను చక్కగా పోనిస్తుంది. అందువలన ఈ ఘటాలను సాధారణంగా 80 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో నడుపుతారు. 100 డిగ్రీలు దాటితే పొర ఎండిపోతుంది. ఈ ఉష్ణోగ్రత వద్ద హైడ్రోజన్‌లో కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా అది ప్లాటినం ఉత్ప్రేరకానికి అంటుకొని దాని పనిని దెబ్బతీస్తుంది. నీరు అక్కరలేని పొర ఉంటే ఘటాన్ని మరింత వేడిగా నడిపి ఈ బెడదను తగ్గించవచ్చు.

ప్రసరణ జరిగే తీరు

మంటలార్పేటప్పుడు జనం బావి నుండి వరుసగా నిలబడి బిందెలు అందించుకొంటారు. ఎవరూ తమ చోటు వదలరు. ప్రోటాన్లు కూడా అలాగే హైడ్రోజన్ బంధాల వెంబడి ఒక అణువు నుండి మరొక అణువుకు చేతులు మారగలవు. 1806లో గ్రోథస్ చేసిన ప్రతిపాదన పేరు మీద దీనిని గ్రోథస్ విధానం అంటారు. ప్రోటాన్‌ను ఇవ్వగల, పుచ్చుకోగల ఫాస్ఫారిక్ ఆమ్లం, ఇమిడజోల్ వంటివి నీటికి బదులుగా ఈ పని చేయగలవు. అయితే ఇమిడజోల్ అణువు ఒక ప్రోటాన్‌ను అందించాక, తరువాతి దానిని అందుకోవడానికి మరల తిరగవలసి ఉంటుంది.

ద్రవస్ఫటికాల పాత్ర

1888లో రైనిట్జర్ గమనించిన ద్రవస్ఫటిక దశలో ద్రవానికుండే కదలిక, స్ఫటికానికుండే క్రమం రెండూ కొంతమేరకు ఉంటాయి. కదలిక వలన అణువులు తిరగగలవు. క్రమం వలన ప్రోటాన్లకు బాట ఏర్పడుతుంది. ప్రోటాన్‌ను మార్చుకొనే భాగానికి పొడవైన హైడ్రోకార్బన్ తోకను జతచేస్తే, అణువులు తమంతట తామే పొరలుగానో స్తంభాలుగానో అమరవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధన

గుంటూరు, విజయవాడల మధ్యనున్న నాగార్జున విశ్వవిద్యాలయంలో వి.జి.కె.ఎం. పిసిపాటి బృందం హైడ్రోజన్ బంధాలతో ఏర్పడే ద్రవస్ఫటికాలను అధ్యయనం చేసింది. ఈ బంధం వలన స్మెక్టిక్-జి దశ ఏర్పడడంపై 1999లో పరిశోధనా వ్యాసం ప్రచురించింది. ఆ వ్యాసం విషయం దశలే గాని వాహకత్వం కాదు. అయినా ప్రోటాన్లకు బాట వేసేది ఈ బంధమే.

పరిమితులు

పదార్థంలోని చిన్న చిన్న ప్రాంతాలు తలొక దిశకు తిరిగి ఉంటే, వాటి సరిహద్దుల వద్ద బాట తెగిపోతుంది. అందుచేత అణువులను ఒకే దిశకు మళ్ళించాలి, లేదా మూడు దిశలలోను బాటలు కలిసి ఉండే ఘనాకార దశను ఎంచుకోవాలి. వేడికి తట్టుకొనే దృఢత్వం కూడా పొరకు అవసరమే.