నడక చూసి తీర్పు: వికలాంగుల ప్రత్యేక స్థలాల్లో అపరిచితులపై అనుమానం

సారాంశం

వికలాంగులకు కేటాయించిన పార్కింగులో, సీటులో, బోగీలో కనిపించిన అపరిచితుడి అర్హతను చూపుతోనే తేల్చేసే అలవాటును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల నేపథ్యంలో, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆధారంగా, అర్హతను నిర్ణయించే పని వైద్యాధికారులదే తప్ప చూపరులది కాదని ప్రతిపాదిస్తుంది.

నేపథ్యం

ఈ మూడు పట్టణాలూ గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైలుమార్గంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. కూలికీ ఉద్యోగానికీ పెద్దాసుపత్రికీ ఇక్కడివారు బెంగళూరు దారి పడతారు. కారు నిలిపే చోట కన్నా బస్సు సీటు దగ్గర, రైలులో వికలాంగుల బోగీ దగ్గర, పింఛను విషయంలో ఈ అనుమానం ఎక్కువగా ఎదురవుతుంది. “ఏమన్నా, బాగానే నడుస్తాండావే, నీకేమొచ్చింది?” అనే ప్రశ్నలో అడిగేవారి తీర్పు ముందే ఉంటుంది. అడిగించుకున్నవారు నలుగురి మధ్య తమ జబ్బును బయటపెట్టుకోవాలి, లేదా లేచి వెళ్లిపోవాలి.

కంటికి అందనివి

1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన 2016 నాటి చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. హీమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, మానసిక అనారోగ్యం అందులో చేరి ఉన్నాయి. వీటిలో చాలావాటికి బయటికి కనిపించే గుర్తు ఉండదు. హీమోఫీలియా ఉన్న యువకుడి కీలులో లోపల రక్తం కారితే నాలుగడుగులు కూడా నరకమే. మరో రోజు అతడే మామూలుగా నడుస్తాడు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఉదయం ఉన్న సత్తువ సాయంత్రానికి ఉండకపోవచ్చు. ప్యాంటు కింద జైపూర్ కాలు ఉన్నవారిని పక్కవారు గుర్తుపట్టకపోవచ్చు. వినికిడి లేని మనిషి పిలిస్తే పలకకపోవడం పొగరుగా కనిపిస్తుంది.

పార్కింగుకు మరో చిక్కు ఉంది. కారు దిగిన డ్రైవరు ఆరోగ్యంగా ఉండవచ్చు. అతడు తీసుకొచ్చిన, వైకల్యం ఉన్న తల్లి అప్పటికే లోపల ఆసుపత్రి మంచం మీద ఉండవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2016లో ఇచ్చిన నమూనా భవన నిబంధనలు ఈ స్థలం కనీసం 3.6 మీటర్ల వెడల్పుతో, ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలంటాయి. తలుపు పూర్తిగా తెరిచి చక్రాల కుర్చీని పక్కకు చేర్చుకోవడానికి ఆ వెడల్పు, తక్కువ నడవడానికి ఆ దూరం. కుర్చీ వాడనివారికి కూడా రెండోది ప్రాణావసరం కావచ్చు. 1968లో డెన్మార్క్ విద్యార్థిని సుసానే కోఫోడ్ రూపురేఖలు గీసిన చక్రాల కుర్చీ గుర్తు ప్రపంచమంతా పాకింది. దానితో పాటు వైకల్యమంటే కుర్చీయే అన్న ఊహ కూడా పాకింది.

చట్టం చెప్పేది

మోసం లేదని ఎవరూ అనలేరు. దొంగ సర్టిఫికెట్ ప్రతిసారీ నిజమైన అర్హుడి వాటానే తింటుంది. అందుకే చట్టంలోని 91వ సెక్షన్ వికలాంగుల ప్రయోజనాన్ని మోసంతో పొందినవారికి రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. వెంటనే వచ్చే 92వ సెక్షన్ నలుగురూ చూసే చోట వికలాంగులను కించపరచాలని బుద్ధిపూర్వకంగా అవమానించినవారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా చెబుతుంది. మోసానికి ఉన్న గరిష్ఠ జైలుశిక్ష కన్నా అవమానానికి ఉన్నది పెద్దది. శాసనకర్తలు ఈ రెండింటిలో దేన్ని బరువుగా తూచారో ఈ పక్కపక్క సెక్షన్లే చెబుతున్నాయి.

అర్హతను తేల్చడం నిపుణులకే ఎంత కష్టమో ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి అనుభవం చూపింది. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేల రూపాయలకు పెరిగింది. 2025 జనవరిలో పునఃపరిశీలన మొదలైంది. గతంలో వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పొందిన పలువురికి, పింఛనుకు కావలసిన 40 శాతం కన్నా తక్కువ వైకల్యం ఉందని ఆగస్టులో నోటీసులు అందాయి. ఆందోళన రేగడంతో అప్పీలుకు అవకాశమిచ్చారు. పరికరాలు, రికార్డులు ఉన్న వైద్యులు చేసిన నిర్ణయానికే అప్పీలు అవసరమైంది. బస్సు మెట్ల దగ్గర అర నిమిషం చూసి చేసిన నిర్ణయానికి మాత్రం అప్పీలు ఉండదు.

అనుమానానికి మూలం

అమెరికాలో ఈ అనుమానాన్ని అధ్యయనం చేసిన న్యాయశాస్త్రవేత్త దోరోన్ డోర్ఫ్‌మన్ దాన్ని వైకల్యం పేరిట మోసం జరుగుతుందన్న భయంగా వివరించారు. మన దగ్గర ఆ భయానికి కొరత బలమిస్తోంది. ఉన్నది ఒక్క బోగీ, రెండు సీట్లు అయినప్పుడు పక్కవాడు పోటీదారుగా కనిపిస్తాడు. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సౌకర్యాల ప్రమాణాలను ఐచ్ఛికంగా వదిలేసిన, ఈ చట్టం కింది 15(1) నిబంధనను కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమంది. కొరతను తీర్చే దారి అదే.

ముగింపు

ఇంగ్లండులో 2019 ఆగస్టు 30 నుంచి వికలాంగుల వాహనాలకిచ్చే బ్లూ బ్యాడ్జ్ పార్కింగును కనిపించని వైకల్యాలకూ విస్తరించారు. మన జిల్లాలోనూ ఆసుపత్రులు, బస్టాండ్లు, స్టేషన్ల పార్కింగులో వికలాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీకి అనుబంధంగా కారు అద్దానికి పెట్టే గుర్తును ఇవ్వవచ్చు. తనిఖీని సెక్యూరిటీ సిబ్బంది, కండక్టరు, టీటీఈ మర్యాదగా, పక్కకు పిలిచి చేయాలి. సందేహం వచ్చిన ప్రయాణికుడు వారికి చెప్పాలి; రైలులో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయాలి. అర్హత లేనివారు ఆ చోటు ఖాళీగా వదలాలి. ఇవన్నీ జరిగితే మోసగాడు అధికారికి దొరుకుతాడు. అర్హుడు మాత్రం తన జబ్బు చరిత్రను అపరిచితులకు అప్పజెప్పకుండానే ప్రయాణం చేయగలుగుతాడు.