ఒక యూరో ఇల్లూ, పాతపట్నం పెంకుటిల్లూ

"ఇటలీలో ఇల్లు ఒక్క యూరోకే!" అన్న వార్త ఏడాదికోసారైనా మన ఆఫీసు గ్రూపుల్లో చక్కర్లు కొడుతుంది. కొండ మీద ఊరు, రాతి గోడలు, ఎర్ర పెంకులు, కిటికీ తీస్తే ద్రాక్షతోటలు. ఈఎంఐలు కట్టి కట్టి అలిసిపోయిన ప్రాణానికి వంద రూపాయల నోటుకి ఇల్లొస్తుందంటే నోరూరదూ మరి? ఓ పది నిముషాలు అందరం మాట్లాడుకుంటాం. "రిపేరుకి ఎంతవుతుందో!" అని ఎవరో ఒకరు అంటారు. అంతే, ఎవరి పనిలో వాళ్ళు పడిపోతాం.

నాకు మాత్రం ఆ వార్తలో ఒక యూరో కన్నా ఇంకో సంగతి ఆశ్చర్యంగా ఉంటుంది. దశాబ్దాలుగా తాళం వేసి ఉన్న ఇంటికి అమ్మేవాడు దొరికాడు! "ఇది నాది, ఇవిగో కాగితాలు, సంతకం నేనే పెడతాను" అనే మనిషి దొరికాడు. మనవైపు అసలు దొరకనిది ఆ మనిషే.

ముందు ఇటలీ కథ చూద్దాం. 2008లో సిసిలీలోని సలేమి ఊరి మేయరు విత్తోరియో స్గార్బి ఈ ఒక యూరో ఆలోచనని లోకానికి చాటాడు. 1968లో బెలీచే లోయలో వచ్చిన భూకంపానికి దెబ్బతిన్న ఊళ్ళలో సలేమి ఒకటి. ఆ తరవాత గాంజి, ముస్సొమేలి లాంటి ఊళ్ళు అదే దారి పట్టాయి. 2019 జనవరిలో సంబూక అనే ఊరు ఇలాంటి ప్రకటనే చేస్తే ప్రపంచం మొత్తం దాని మీద పడింది. షరతులు ఉన్నాయి లెండి. మూడేళ్ళలోగా ఇల్లు బాగుచేయాలి, దానికి కనీసం 15 వేల యూరోలు ఖర్చు పెట్టాలి, ముందుగా 5 వేల యూరోలు డిపాజిట్ కట్టాలి. మాట తప్పితే డిపాజిట్ గోవిందా. పైగా చాలా ఇళ్ళు వేలంలో ఒక యూరో దగ్గర ఆగలేదు, వేలల్లోకి పోయాయి.

సంబూకలో పని చకచకా జరగడానికి కారణం ఒకటుంది. అక్కడ అమ్మకానికి పెట్టిన ఇళ్ళు ఊరి మునిసిపాలిటీ సొంతం. కాబట్టి ఒక్క సంతకంతో పని అయిపోతుంది. మిగతా కొన్ని ఊళ్ళలో అలా కాదు, ఇల్లు వారసులది. ఆ వారసులు ఎప్పుడో అమెరికాకో అర్జెంటీనాకో వలస పోయినవాళ్ళ మనవలు. మునిసిపాలిటీ వాళ్ళని వెతకాలి, ఉత్తరాలు రాయాలి, ఒప్పించాలి. అక్కడా ఒక యూరో ప్రకటన వచ్చాక కూడా ఇల్లు చేతులు మారడానికి ఏళ్ళు పట్టిన సందర్భాలున్నాయి. అంటే పాత ఇంటి అసలు ఖరీదు ఆ ఇంటి మీద ఎంతమందికి హక్కుందో, వాళ్ళని ఒకచోటికి ఎవరు చేరుస్తారో అన్నదాన్ని బట్టి ఉంటుంది. రాయీ సున్నం లెక్క ఆ తరవాతే.

ఇప్పుడు ఇదే కొలబద్ద పట్టుకుని మన శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వద్దాం. పేరులోనే ఉంది, పాత పట్నం! ఇటలీవాళ్ళు పాత ఊరి భాగాన్ని ప్రత్యేకంగా బోర్డు పెట్టి చూపిస్తారు, మనకి ఊరి పేరే బోర్డు. మహేంద్రతనయ ఒడ్డున, ఒడిశా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఊరు. నీలమణి దుర్గ అమ్మవారి గుడికి రెండు రాష్ట్రాల నుంచీ జనం వస్తారు. ఆ పక్కనే పర్లాకిమిడి. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడా నుంచి తమ ఊరికి వేయించిన బుల్లి రైలు దారి పాతపట్నం మీదుగానే పోతుంది. నేరోగేజి రైలు 2004లో ఆగిపోయింది, తరవాత అదే దారిలో బ్రాడ్‌గేజి వచ్చింది.

ఉత్తరాంధ్ర పల్లెల్లో పాత వీధులు చూసినవాళ్ళకి తెలుసు. ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని బారుగా ఉంటాయి. రెండిళ్ళకీ మధ్య గోడ ఒక్కటే. ముందు అరుగు, లోపల గది వెనక గది, ఆ చివర పెరడు. ఒక ఇంటి దూలం విరిగితే పక్కింటి గోడకి వాన తగులుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జిల్లాలో ఎన్ని పైకప్పులు లేచిపోయాయో మనందరికీ గుర్తే. మనుషులున్న ఇంటికి వారంలో పెంకులు సర్దుకుంటారు. తాళం వేసిన ఇంటికి ఎవరు సర్దుతారు? ఇటలీ కొండ ఊళ్ళలోనూ ఇళ్ళు ఇలాగే ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒకటి కూలితే పక్కది ఒరుగుతుంది. వాళ్ళ మునిసిపాలిటీలు చొరవ తీసుకోవడానికి అది కూడా ఒక కారణం.

సరే, పాతపట్నంలో 1925 ప్రాంతంలో కట్టిన పెంకుటిల్లు ఒకటి ఉందనుకోండి. (ఊహించుకోమంటున్నా, ఫలానా ఇల్లు అని కాదు.) కట్టిన రోజున అది మద్రాసు ప్రెసిడెన్సీ, గంజాం జిల్లా, పర్లాకిమిడి జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. జమీందారీ రెండు ముక్కలైంది. పర్లాకిమిడి పట్నం ఒరిస్సాలోకి పోయింది, పాతపట్నం వైపు మద్రాసులోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా, 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఇల్లు అంగుళం కూడా కదల్లేదు. దాని చిరునామా మాత్రం ముప్పై ఏళ్ళలో నాలుగుసార్లు మారింది. సర్వర్ కదలకుండా డొమైన్ పేరు నాలుగుసార్లు మారితే పాత లింకులన్నీ ఏమవుతాయో మనకి వేరే చెప్పాలా?

ఆ 1936 గీత మనుషుల్ని కూడా ఇళ్ళు వదిలించింది. గిడుగు రామమూర్తి పంతులు గారు దశాబ్దాల పాటు పర్లాకిమిడిలో ఉన్నారు. అక్కడే పాఠాలు చెప్పారు, అక్కడే సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. వాడుక భాష కోసం పోరాడిందీ అక్కడి నుంచే. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపొద్దని గట్టిగా వాదించారు. కలిపేశాక, 1936లోనే, డెబ్భై దాటిన వయసులో ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940లో పోయారు. ఈ రోజు మనం ఇలా మాట్లాడుకునే తెలుగులో రాసుకుంటున్నామంటే అందులో ఆయన వాటా చాలా ఉంది. ఆయన్ని ఊరు దాటించింది ఒక గీత, అంతే.

ఇక కాగితాల సంగతి. 1948లో మద్రాసు ప్రభుత్వం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది. సాగు చేసే రైతుకి పొలం మీద పట్టా ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది. మరి ఇల్లు? 18వ సెక్షన్ ప్రకారం జమీందారు భవనాలకి వేరే లెక్క, మామూలు ఇళ్ళు ఎవరివి వాళ్ళవే. న్యాయమే. కానీ "నీ ఇల్లు నీదే" అని చట్టంలో ఉండటం వేరు, "ఇదిగో నీ పేరున కాగితం" అని చేతిలో పెట్టడం వేరు. పొలానికి సర్వే నంబరు, పట్టా వచ్చాయి. ఊళ్ళోని ఇళ్ళ జాగా మాత్రం గ్రామకంఠం అన్న ఒక్క మాట కింద ముద్దగా ఉండిపోయింది. అరెకరం మెట్టకి ఉన్నపాటి రికార్డు కూడా తాత కట్టిన ఇంటికి లేదు. ఉన్నదల్లా ఇంటిపన్ను రసీదు, అప్పు పుట్టినప్పుడు రాసిన తనఖా పత్రం, అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు రాసుకున్న పారీఖత్తు. పాత దస్తావేజులో హద్దులు కూడా "తూర్పున ఫలానావారి ఇల్లు" అనే ఉంటాయి. ఆ ఫలానావారు ఎవరో చెప్పగలిగిన ముసలాయన ఉన్నంతవరకే ఆ కాగితానికి అర్థం.

ఈసీ తీస్తే సరిపోతుందిగా అంటారు మనవాళ్ళు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందువి ఆఫీసు పుస్తకాల్లో వెతికించాలి. అదీగాక, ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి. నోటిమాట మీద జరిగిన పంపకం దాన్లో ఉండదు. ఈసీలో ఏమీ లేదంటే చిక్కులు లేవని కాదు, రాసినవాడు లేడని అర్థం.

ఇప్పుడు వారసుల లెక్క. కట్టినాయనకి నలుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ముగ్గురు, వాళ్ళకి ఇద్దరేసి అనుకున్నా మూడో తరానికి ఇరవై నాలుగు మంది. ఒకరు విశాఖలో, ఒకరు ఖరగ్‌పూర్‌లో, ఒకరు భిలాయ్‌లో, ఒకరు డల్లాస్‌లో. ఆడపిల్లల వాటా సంగతి అందరూ మర్చిపోయేది. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మగ వారసులు పంచుకుందామని అనేదాకా ఆడపిల్ల పంపకం అడగడానికి లేదు. 2005 సవరణ ఆ సెక్షన్ని తీసేసింది, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చింది. కాబట్టి "మా అన్నదమ్ములం నలుగురం సంతకాలు పెట్టేస్తాం" అన్న మాట విని డబ్బు ఇచ్చేస్తే, మేనత్తల పిల్లలు రేపు కోర్టు మెట్లెక్కొచ్చు. అది వాళ్ళ హక్కే.

పోనీ ఒకరి వాటా కొనుక్కుని లోపలికి దూరిపోదామా? కుదరదు. ఉమ్మడి కుటుంబపు ఇంట్లో ఒక వాటా కొన్న బయటివాడికి వాళ్ళతో కలిసి ఆ ఇంట్లో ఉండే హక్కు రాదని 1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ చెప్తుంది. పంచమని కోర్టుకి వెళ్తే, ఆ వాటాని విలువ కట్టి మేమే కొనుక్కుంటామని కుటుంబంవాళ్ళు అడగొచ్చు. అది 1893 నాటి విభజన చట్టం. బ్రిటిష్‌వాడు కూడా మన ఇంటి గుట్టుని ఎంత గౌరవించాడో చూడండి! ఇక ఆ చుట్టుపక్కల ఏజెన్సీ గ్రామాల్లో అయితే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు కొనడానికే లేదు. అది గిరిజనుల భూమి పోకుండా పెట్టిన కంచె, దాన్ని దాటే ఉపాయాలు వెతక్కండి.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మన పాత ఇళ్ళు కూలిపోతున్నది కొనేవాళ్ళు లేక కాదు. అమ్మడానికైనా, బాగుచేయడానికైనా "ఇది మాది" అని కలిసికట్టుగా చెప్పేవాళ్ళు లేక. ఇరవై నాలుగు మందిదైన ఇల్లు ఎవరిదీ కాదు. ఒకడు పెంకులు మార్పిస్తే "వీడు కాజేద్దామనుకుంటున్నాడు" అంటారు. మార్పించకపోతే వాన ఊరుకోదు. గురజాడ వారి ఇల్లు విజయనగరంలో నిలబడిందంటే ఆయన గురజాడ కాబట్టి. మామూలు తాతల ఇళ్ళకి ఏ ప్రభుత్వమూ రాదు.

ఇప్పుడు తొందరెందుకంటే, 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ అనే పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో పల్లెల్లో ఇళ్ళ జాగాలు కొలిచి, యజమానులకి కార్డులివ్వడం దాని పని. వందేళ్ళుగా ముద్దగా ఉన్న గ్రామకంఠానికి మొదటిసారి ఇంటింటి లెక్క వస్తుందన్నమాట. మంచిదే. అయితే డ్రోనుకి పెంకులు కనపడతాయి గానీ ఆ పెంకుల కింద ఎవరి వాటా ఎంతో కనపడదు. అది కింద నిలబడి చెప్పే మనిషిని బట్టి రాస్తారు. తాళం వేసిన ఇంటి తరఫున ఎవరు నిలబడతారు? ఆ రోజు తప్పుగా పడిన పేరుని మార్చడానికి మన పిల్లలు కోర్టుల చుట్టూ తిరగాలి.

కాబట్టి ఇటలీ ప్రకటన చూసి సరదాపడే ఆ పది నిముషాల్లో ఓ పని చేయండి. ఊళ్ళో ఉన్న పెద్దత్తకో చిన్నతాతకో ఫోన్ చేసి వంశవృక్షం రాసుకోండి, ఆడపిల్లల పేర్లతో సహా. ట్రంకుపెట్టెలో ఉన్న పన్ను రసీదులు, పారీఖత్తులు స్కాన్ చేసి అందరికీ పంపండి, మీ ఒక్కరి దగ్గరే దాచుకోకండి. హద్దుల్లో ఉన్న ఫలానావారు ఎవరో అడిగి రాసుకోండి. తరవాత అమ్ముకుంటారో, ఒకరికి రాసిచ్చేస్తారో, అందరూ తలా కొంచెం వేసి దూలం మార్పిస్తారో మీ ఇష్టం. ఏదైనా చేయాలంటే ముందు ఇల్లు ఎవరిదో తెలియాలి కదా.

ఇటలీ ఇల్లు వచ్చే ఏడాది కూడా అదే ధరకి దొరుకుతుంది. పెద్దత్తకి మాత్రం ఈ ఏడాది ఎనభై ఆరు.