ఎండిన కాలువలపై వెలసిన ఫీనిక్స్ నగరము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అరిజోనాకు రాజధానియైన ఫీనిక్స్ నగరము సోనోరా ఎడారి నడుమ, సాల్ట్ నదీతీరమున నున్నది. వేసవిలో 40 డిగ్రీలను దాటి యెండ కాయు నా ప్రదేశమున ఏడాదిపొడుగునను కురియు వర్షము, మనము కఱవుసీమగా దలచు అనంతపురపు వర్షపాతములో సగమైనను లేదు. అట్టిచోట మహానగరము వెలయుట యెట్లు సంభవించెనని విచారించినచో, దాని పుట్టుకకు మూలము ఆ నేలలో నంతకుముందే త్రవ్వబడియున్న కాలువలని తేలును.

హోహోకం అని పురాతత్త్వజ్ఞులు వ్యవహరించు ప్రాచీనజనులు క్రీస్తుశకపు తొలి శతాబ్దులు మొదలు సుమారు 1450 వఱకు ఈ లోయలో సేద్యము చేసిరి. ఇనుప పనిముట్లు గాని, బరువులు లాగు పశువులు గాని లేని యా జనులు కొయ్యగునపములతోను, రాతి పనిముట్లతోను నేల పెకలించి, మన్ను బుట్టల కెత్తి మోసి, వందలాది మైళ్ల పొడవున కాలువలు సాగించిరి. నదియొద్ద వెడల్పుగా మొదలగు కాలువ, పిల్లకాలువలు చీలిన కొలదిని సన్నగిలుచు పోవును. నీరు వడిగా పాఱిన గట్లు కోసికొనిపోవును, మందగించిన ఒండ్రు మేటవేయును. ఈ రెండు కీడులకు నడుమనుండు వాలును వారు చూపుచేతను, అనుభవముచేతను సాధించిరి. కాలక్రమమున వారి యూళ్లు పాడువడెను గాని, కాలువల జాడలు మాత్రము చెఱగలేదు.

అంతర్యుద్ధమున దక్షిణపక్షమువాడైన జాక్ స్విల్లింగ్ 1867లో ఈ లోయకు వచ్చి, ఆ జాడలను జూచి, ఇచ్చట ధాన్యము పండించినచో చుట్టుపట్ల గనిపనివారికిని, మెక్‌డోవెల్ కోటలోని సైనికులకును అమ్మవచ్చునని గ్రహించెను. విక్కెన్‌బర్గ్ అను గనులయూరిలో నొక కాలువల కంపెనీ స్థాపించి, మనుష్యులను కూర్చుకొని వచ్చి, పూడిన కాలువను తిరుగ త్రవ్వించెను. మఱుసటి యేట పైరులు పచ్చగా నిలిచెను.

ఊరు నిలిచినపిదప పేరుకొఱకు చర్చ సాగెను. గుమ్మడితీగలు విరివిగా నల్లుకొన్నందున కొందఱు గుమ్మడికాయల యూరను నర్థమున పంప్‌కిన్‌విల్ అనిరి. స్విల్లింగ్ తమ పక్షపు సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ పేరు పెట్టగోరెను. చదువరియైన ఆంగ్లేయుడు డారెల్ డుప్పా, యవనగాథలలో చితిలో దగ్ధమై తన బూడిదనుండియే మరల జనించు ఫీనిక్స్ పక్షిని స్మరించి, నశించిన నాగరికతపై లేచు నూరికి ఆ పేరే తగునని సూచించెనని పరంపరగా చెప్పుదురు. 1868 జూన్ 15న ఆ పేరుతో తపాలాకార్యాలయ మేర్పడెను. స్విల్లింగే దాని తొలి పోస్ట్‌మాస్టరు. 1881లో పురపాలకసంఘ మేర్పడెను. 1889లో రాజధాని యచ్చటికి మాఱెను.

పేరు సుందరమే, కాని అది చెప్పక విడిచిన సత్యమొకటి గలదు. హోహోకములను తమ పూర్వులుగా నెంచు అకిమెల్ ఓఓధామ్ ప్రజలు ఆనాడును దక్షిణమున గిలానదీతీరమున గోధుమ పండించి, బాటసారులకును సైనికులకును అమ్ముచు బ్రదుకుచుండిరి. కొలదికాలములోనే ఎగువను వలసవారు నది నీటిని మళ్లించుకొనగా వారి పొలము లెండి, ఆకలి ప్రవేశించెను. వారి నీటిహక్కును గూర్చిన ఒడంబడిక 2004లో గాని శాసనము కాలేదు. కావున ఫీనిక్స్ చరిత్ర చెప్పువారు స్విల్లింగ్, డుప్పాల పేరులకంటె ముందుగా, పేరులు మిగులని యా కాలువలు త్రవ్విన వారిని, వారి సంతతిని స్మరించుట న్యాయము.